ఎనిమిది రొట్టెలు, ముగ్గురు మనుషులు: న్యాయం ఏ లెక్క?

(అంబేడ్కర్ జయంతి సందర్భంగా అండమాన్‌లోని షాదీపూర్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జయంతి రోజున బాబాసాహెబ్ జీవిత చరిత్ర చెప్పడం రివాజు. అది మీ అందరికీ తెలిసిందే, నాకంటే బాగా పిల్లలు చెప్పగలరు. నేను లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఇవాళ ఒక లెక్క చెబుతాను. పాత లెక్కే. చాలా దేశాల్లో, చాలా వందల ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. అరబ్బు దేశాల్లో దీన్ని ఇమామ్ అలీ ఇచ్చిన తీర్పుగా చెప్పుకుంటారు. ఇటలీలో ఫిబొనాచ్చి 1202లో రాసిన పుస్తకంలో అంకెలు మార్చి ఇదే లెక్క ఉంది. మన దేశంలో 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు దామాషా పంపకాల లెక్కలు రాశాడు. ఆ పుస్తకాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. అంటే పంపకం లెక్క తెలుగులో వెయ్యేళ్లుగా ఉంది. మనల్ని బడిలోకి రానిచ్చింది మాత్రం మొన్నమొన్న.

లెక్క వినండి. ఇద్దరు బాటసారులు. ఒకడి మూటలో ఐదు రొట్టెలు, రెండోవాడి మూటలో మూడు. తిందామని కూర్చునేసరికి మూడో మనిషి వచ్చాడు. ఆకలిగా ఉంది, అతని దగ్గర రొట్టె లేదు. రమ్మన్నారు. ఎనిమిది రొట్టెల్నీ ముగ్గురూ సమానంగా తిన్నారు. వెళ్తూ వెళ్తూ ఆ మూడో మనిషి ఎనిమిది నాణేలు అక్కడ పెట్టి, ఇద్దరూ పంచుకోండి అని చెప్పి వెళ్లిపోయాడు. ఎవరికి ఎన్ని?

చేతులెత్తండి. ఐదు, మూడు అనేవాళ్లు? చాలామంది ఉన్నారు. చెరి నాలుగు అనేవాళ్లు? వెనక వరసలో అమ్మలు ఎత్తారు. ఇంకేదైనా జవాబు ఉందా? లేదు. సరే, చూద్దాం.

ఒక్కో రొట్టెను మూడు ముక్కలు చేయండి. ఎనిమిది రొట్టెలు, ఇరవై నాలుగు ముక్కలు. ముగ్గురూ సమానంగా తిన్నారు కాబట్టి మనిషికి ఎనిమిది ముక్కలు. ఐదు రొట్టెలవాడి ముక్కలు పదిహేను. ఎనిమిది తనే తిన్నాడు, అతిథికి పెట్టింది ఏడు. మూడు రొట్టెలవాడి ముక్కలు తొమ్మిది. ఎనిమిది తనే తిన్నాడు, అతిథికి పెట్టింది ఒక్కటే. కాబట్టి పాత తీర్పు ఏమిటంటే, ఏడు నాణేలు ఒకడికి, ఒక్క నాణెం ఇంకొకడికి.

ఒక్కసారి హాలు నిశ్శబ్దమైపోయింది. లెక్కలో తప్పు లేదని అందరికీ తెలుస్తోంది, కానీ మనసుకు ఏదో కష్టంగా ఉంది. ఆ కష్టం దగ్గరే నాకు పని.

ఐదు, మూడు అన్నవాళ్లు ఏం చూశారు? ఎవడు ఎంత తెచ్చాడో చూశారు. ఏడు, ఒకటి అన్న తీర్పు ఏం చూసింది? ఎవడు ఎంత తిని ఎంత వదులుకున్నాడో చూసింది. అమ్మలు చెరి నాలుగు అన్నారు. వాళ్లేం చూశారు? ఉన్నదంతా కలిపేసి ముగ్గురూ సమానంగా తిన్నాక నీది, నాది అనే మాట అక్కడితో అయిపోయింది, ఇద్దరూ తమ దగ్గర ఏమీ దాచుకోలేదు, కాబట్టి సమానం అన్నారు. కూడిక, తీసివేత ఎవరికీ తప్పు రాలేదు. ముగ్గురూ మూడు వేరు వేరు ప్రశ్నలకు జవాబు చెప్పారు.

అసలు తేల్చుకోవలసింది ఏమిటంటే, ఆ నాణేలు ఏమిటి? రొట్టె ముక్కలకు ధర అయితే ఏడు, ఒకటి సరైనది. ఆదరించినందుకు కృతజ్ఞత అయితే చెరి నాలుగే సరైనది. దేన్ని పంచుతున్నామో తేల్చకుండా ఎలా పంచాలో తేల్చలేం. ఈ ఒక్క మాట మీరు ఇంటికి తీసుకెళ్లినా నా ప్రసంగం గిట్టుబాటు అయినట్టే.

ఎందుకంటే మన దేశంలో రిజర్వేషన్ల మీద జరిగే గొడవంతా ఇదే. ఒకాయన రిజర్వేషన్‌ను దానం అనుకుంటాడు. దానం అయితే పేదవాడికే ఇవ్వాలి, అదీ కొన్నాళ్లే ఇవ్వాలి అని వాదిస్తాడు. ఇంకొకాయన నష్టపరిహారం అనుకుంటాడు. అలా అయితే మీకు జరిగిన నష్టం రుజువు చూపించండి అంటాడు. రాజ్యాంగం 16(4) అధికరణం తీసి చదవండి. అందులో దానం మాట లేదు, పరిహారం మాట లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో తగిన ప్రాతినిధ్యం ఉందా లేదా అన్నదే అక్కడి ప్రశ్న. అంటే పంచుతున్నది జీతం కాదు, పాలనలో వాటా. కలెక్టర్ కుర్చీలో, తహసీల్దార్ ఆఫీసులో, పోలీస్ స్టేషన్‌లో, యూనివర్సిటీలో కూర్చునే అధికారం. దేన్ని పంచుతున్నామో ఇలా తేలాక ఎలా పంచాలో మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. ఆయన ఈ పంపకం లెక్కను స్వయంగా వేసి చూపించారు. 1945 మే నెలలో బొంబాయిలో అఖిల భారత షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ సభలో ఒక ప్రసంగం చేశారు. తర్వాత అది చిన్న పుస్తకంగా వచ్చింది. చట్టసభలో సీట్లు ఎలా పంచాలి అన్నది విషయం. జనాభా ఎంతో సీట్లు అంతే అంటే సరిపోదా? సరిపోదు అన్నారు. ఎందుకంటే మన దేశంలో మెజారిటీ అనేది రాజకీయ మెజారిటీ కాదు, పుట్టుకతో వచ్చిన మెజారిటీ. ఇవాళ ఓడి రేపు గెలిచేది కాదు. అలాంటి మెజారిటీ సభలో సగానికి మించి ఉంటే ఎప్పటికీ అదే పాలిస్తుంది. అందుకని కేంద్ర సభకు ఆయన వేసిన లెక్కలో హిందువులకు నూటికి 40, ముస్లింలకు 32, షెడ్యూల్డ్ కులాలకు 20, సిక్కులకు 4, భారతీయ క్రైస్తవులకు 3, ఆంగ్లో ఇండియన్లకు 1. కూడి చూడండి, సరిగ్గా వంద.

ఈ లెక్కలో రెండు సంగతులున్నాయి. ఒకటి, ఏ ఒక్క సమూహమూ ఒంటరిగా సగం దాటదు. ఎవరైనా పాలించాలంటే ఇంకొకరిని కలుపుకోవాల్సిందే. రెండు, పెద్ద సమూహం నుంచి తగ్గించిన సీట్లు మిగతావాళ్లకు ఎలా పంచాలి? సమానంగా కాదు. సమాజంలో హోదా, ఆర్థిక స్థితి, చదువు ఎవరికి తక్కువో వాళ్లకు ఎక్కువ రావాలి. హోదాకు విలోమ నిష్పత్తిలో అన్నమాట. పిల్లలూ, విలోమ నిష్పత్తి ఎందుకు పనికొస్తుందని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

రొట్టెల లెక్కలోకి దీన్ని తెచ్చి చూడండి. ఐదు, మూడు తీర్పు ఉన్నవాడికి ఎక్కువ ఇస్తుంది. ఏడు, ఒకటి తీర్పు ఉన్నవాడికి ఇంకా ఎక్కువ ఇస్తుంది. రెండూ కథను దారి మధ్యలో మొదలుపెడతాయి. ఒకడి మూటలో ఐదు, ఇంకొకడి మూటలో మూడు ఎందుకు ఉన్నాయి? పిండి ఎవరు విసిరారు? పొలం ఎవరిది, కోత ఎవరిది? లెక్కల పుస్తకం ఆ ప్రశ్న అడగదు. మూట విప్పిన దగ్గర్నుంచే లెక్క మొదలవుతుంది. మెరిట్ అనే మాట కూడా అంతే. పరీక్ష హాలులో మూట విప్పిన క్షణం నుంచే లెక్క పెడుతుంది. మూట నిండిన చరిత్రను అడగదు. బాబాసాహెబ్ అడిగారు.

సంఖ్య ఒక్కటే సరిపోదని కూడా ఆయనకు 1932లోనే అనుభవం. ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒక బెల్లం ముక్క ఉంటే అమ్మ ఏం చేస్తుంది? ఒకణ్ణి కొయ్యమంటుంది, రెండోవాణ్ణి ముందు తీసుకోమంటుంది. కోసేవాడు మోసం చేయలేడు, ఎందుకంటే పెద్ద ముక్క అవతలివాడు తీసుకుంటాడు. ముగ్గురుంటే ఎలా? నాజీల నుంచి మారుపేరుతో దాక్కుని బతికిన యూదు గణితవేత్త హ్యూగో స్టైన్‌హాస్ పోలండ్‌లో తన మిత్రులతో కలిసి ఈ ప్రశ్న మీద పనిచేశాడు. వాళ్లు చెప్పిన పద్ధతి చాలా తేలిక. ఒకడు తన వాటా అనుకున్నంత కోస్తాడు. అది పెద్దదనిపించిన ప్రతివాడూ దాన్ని కాస్త తరగొచ్చు. చివరగా ఎవడు తరిగితే వాడే ఆ ముక్క తీసుకోవాలి. ఎవరూ తరగకపోతే కోసినవాడే తీసుకుంటాడు. మిగిలినదాన్ని మిగతా ఇద్దరూ పంచుకుంటారు. ఇందులో కీలకం కొలత కాదు. కత్తి అందరి చేతికీ ఒకసారి రావడం.

పూనా ఒప్పందాన్ని ఈ కంటితో చూడండి. 1932 ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు మనకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది, సాధారణ స్థానాల్లో కూడా ఓటు ఉంచింది. సీట్లు తక్కువే, కానీ మన ప్రతినిధిని మనమే ఎన్నుకుంటాం. గాంధీ నిరాహార దీక్ష, సెప్టెంబర్ 24న ఒప్పందం. సీట్లు దాదాపు రెట్టింపై 148 అయ్యాయి. రొట్టెలు పెరిగాయి. కానీ ఎన్నిక ఉమ్మడి నియోజకవర్గంలో. మొదటి దశలో మనవాళ్లు నలుగురి పేర్లు ఎంచి పంపాలి, ఆ నలుగురిలో ఎవరన్నది అందరూ కలిసి తేలుస్తారు. అంటే మన రొట్టె మీద చివరి కత్తి వాళ్ల చేతిలోకి పోయింది. ఎన్ని ముక్కలు వచ్చాయని కాదు, ఎంచుకునేది ఎవరని చూడమని బాబాసాహెబ్ జీవితాంతం చెప్పడానికి కారణం అదే.

ఇంకో లెక్క చెబుతాను. ఇది ఉద్యోగాలకు బాగా అతుకుతుంది, ఎందుకంటే రొట్టెను ముక్కలు చేయొచ్చు గానీ పోస్టును చేయలేం.

ఒక తండ్రి పదిహేడు ఒంటెలు వదిలి చనిపోయాడు. పెద్దవాడికి సగం, రెండోవాడికి మూడో వంతు, చిన్నవాడికి తొమ్మిదో వంతు అని చెప్పి పోయాడు. పదిహేడులో సగం ఎనిమిదిన్నర. ఒంటెను కోస్తే మాంసమే మిగులుతుంది. కొట్టుకుంటుంటే ఒక పెద్దమనిషి వచ్చి తన ఒంటెను కలిపాడు. పద్దెనిమిది అయ్యాయి. సగం తొమ్మిది, మూడో వంతు ఆరు, తొమ్మిదో వంతు రెండు. మొత్తం పదిహేడు. తన ఒంటెను తను తోలుకుపోయాడు. అందరూ చప్పట్లు కొడతారు. కానీ ఇక్కడ మాయ ఏమీ లేదు. సగం, మూడో వంతు, తొమ్మిదో వంతు కూడితే పూర్తి ఒకటి రాదు. పద్దెనిమిదిలో పదిహేడు వంతులే వస్తుంది. తండ్రి ఆస్తిలో పద్దెనిమిదో వంతు ఎవరికీ రాసిపెట్టలేదు. ఆ మిగులును కొడుకులకే సర్దాడు పెద్దమనిషి, అంతే.

ప్రశ్న ఏమిటంటే, లెక్కలో మిగిలిన తునక ఎవరికి పోతుంది? కథలో వారసులకు పోయింది. మన రోస్టర్‌లో ఎవరికి పోతోంది?

2017లో అలహాబాద్ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. యూనివర్సిటీ అధ్యాపక పోస్టుల రిజర్వేషన్‌కు యూనివర్సిటీ మొత్తాన్ని కాదు, ఒక్కో డిపార్ట్‌మెంట్‌ను విడిగా లెక్క కట్టాలని. 2018 మార్చిలో యూజీసీ అదే ఉత్తర్వు ఇచ్చింది. చూడ్డానికి ఎవరి శాతమూ తగ్గలేదు. ఎస్సీకి 15, ఎస్టీకి 7.5, ఓబీసీకి 27 అలాగే ఉన్నాయి. కానీ ఆ వరసలో ఓబీసీకి నాలుగో పోస్టు, ఎస్సీకి ఏడో పోస్టు, ఎస్టీకి పద్నాలుగో పోస్టు వస్తుంది. ఇప్పుడు ఉదాహరణకు ఒక యూనివర్సిటీ అనుకోండి. ముప్ఫై డిపార్ట్‌మెంట్లు, ఒక్కోదాంట్లో ఆరు పోస్టులు. మొత్తం 180. యూనివర్సిటీని ఒక యూనిట్‌గా లెక్కిస్తే ఎస్సీలకు 27, ఎస్టీలకు 13, ఓబీసీలకు 48 వస్తాయి. డిపార్ట్‌మెంట్‌ను యూనిట్ చేస్తే? ఒక్కోదాంట్లో ఆరు పోస్టులే కాబట్టి ఏడోది ఎక్కడా రాదు. ఎస్సీలకు సున్నా. ఎస్టీలకు సున్నా. ఓబీసీలకు డిపార్ట్‌మెంట్‌కు ఒకటి చొప్పున 30. శాతం అదే, చట్టం అదే, మారింది గిన్నె సైజు ఒక్కటే. ముప్ఫై చోట్ల మిగిలిన ముప్ఫై తునకలూ చప్పుడు చేయకుండా జనరల్‌లో కలిసిపోయాయి.

దాన్ని ఎవరు పట్టుకున్నారు? లెక్క తెలిసిన మన పిల్లలు పట్టుకున్నారు. యూనివర్సిటీల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు, అధ్యాపకులు కాగితం మీద ఈ లెక్క వేసి జనానికి చూపించారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కాదన్నాక వీధుల్లోకి వచ్చారు. మార్చి 5న బంద్ జరిగింది, మార్చి 7న ఆర్డినెన్స్ వచ్చింది, అదే ఏడాది చట్టం అయింది. విద్యాసంస్థ మొత్తం ఒక యూనిట్ అని తేలింది. భిన్నాలు కూడటం రానివాళ్లమైతే ఆ రోజు ఓడిపోయేవాళ్లం.

ఇక ఇంట్లో మాట. ఈ హాలులో మాల అన్నలు ఉన్నారు, మాదిగ అన్నలు ఉన్నారు, రెల్లి కుటుంబాలున్నాయి. వర్గీకరణ మాట ఎత్తితే ముఖాలు మారతాయని తెలుసు. అయినా ఎత్తుతాను. పంపకం గురించి మాట్లాడుతూ మన సొంత పంపకం దాటేసిపోతే అది నిజాయితీ కాదు.

1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ తర్వాత 15 శాతాన్ని నాలుగు భాగాలు చేశారు. ఏ గ్రూపులో రెల్లి, దాని అనుబంధ కులాలకు 1, బీలో మాదిగ, అనుబంధ కులాలకు 7, సీలో మాల, అనుబంధ కులాలకు 6, డీలో ఆది ఆంధ్ర తదితరులకు 1. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు జడ్జీల బెంచి ఆరుగురి మెజారిటీతో రాష్ట్రాలు వర్గీకరణ చేయవచ్చంది. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో మూడు గ్రూపులు వచ్చాయి: 1, 9, 5. ఆంధ్రప్రదేశ్‌లో కూడా మూడు: 1, 6.5, 7.5. రెండు చోట్లా కులాలు 59, వాటా 15.

ఒకే 15 రొట్టెలు. రెండు రాష్ట్రాల్లో రెండు తీర్పులు. ఏది న్యాయం? జనాభా వేరు కాబట్టి అంకెలు వేరవడం సహజం. కానీ నేను అడిగేది మళ్లీ మొదటి ప్రశ్నే. అంకెలు జనాభా ప్రకారమా, వెనకబాటు ప్రకారమా? బాబాసాహెబ్ మెజారిటీ దగ్గర వాదించిన సూత్రం, ఎవరి హోదా తక్కువో వాళ్లకు కాస్త ఎక్కువ అన్నది, మన ఇంట్లోకి వచ్చేసరికి మారిపోకూడదు. బయటివాళ్లను అడిగిన న్యాయం ఇంట్లో చిన్నవాడు అడిగితే కోపం రాకూడదు. వర్గీకరణ కావాలన్న మాదిగ అన్నది న్యాయమైన ప్రశ్న. అలాగే, లెక్కలు బయటపెట్టకుండా కోస్తే ఎలా అన్న మాల అన్నదీ న్యాయమైన ప్రశ్నే. రెండింటికీ ఒకటే జవాబు. ఏ కులంవాళ్లు ఏ కేడర్‌లో ఎందరున్నారో పూర్తి వివరాలు అందరి ముందూ పెట్టాలి. కత్తి ప్రభుత్వం చేతిలోనే ఉండకూడదు.

అందరికంటే చిన్న గ్రూపు సంగతి చూడండి. నూటికి ఒకటి. 200 పోస్టుల వరసలో వాళ్లకు రెండు. ఒక చిన్న శాఖ ఏడాదికి పది పోస్టులే నింపుతుందనుకోండి. 200 నిండటానికి ఇరవై ఏళ్లు. ఇరవై ఏళ్లలో రెండు ఉద్యోగాలు. రోస్టర్‌లో ఆ రెండు పాయింట్లు చివర్లో పెడితే ఇవాళ డిగ్రీ చదివే రెల్లి అమ్మాయికి వయసు దాటిపోతుంది. ఊళ్లకు ఊళ్లు ఊడ్చిన చేతులవి. కాబట్టి రోస్టర్‌లో వాళ్ల పాయింటు ముందుండాలి. అభ్యర్థి దొరకలేదంటే ఆ పోస్టు పక్క ఎస్సీ గ్రూపుకు పోవాలి గానీ బయటికి పోకూడదు. ఇంకొక మాట. 15 కోసం అన్నదమ్ములం కొట్టుకుంటున్నప్పుడు మిగతా వాటాలో, ప్రైవేటులో, పై కోర్టుల్లో ఎవరు కూర్చున్నారో చూడటం మానకూడదు. చిన్న గిన్నె దగ్గర జరిగే గొడవ పెద్ద గిన్నెకు కాపలా కాస్తుంది.

ఇక మన దీవులు. రొట్టెల లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఏది? మూడుతో భాగించడం. తినేవాళ్లు ముగ్గురని ముందే ఒప్పుకున్నాం కాబట్టి మిగతాదంతా నడిచింది. మూడో మనిషిని లెక్కలోంచి తీసేస్తే ఆ లెక్కే లేదు. భిన్నంలో పైన ఉండే అంకె కోసం అందరూ అరుస్తారు. కింద ఉండే అంకె చప్పుడు లేకుండా తీర్పు ఇచ్చేస్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం నుంచి, విశాఖ తీరం నుంచి కూలికి, చేపల వేటకు, మేస్త్రీ పనికి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. అదే జనాభా లెక్కల్లో ఈ దీవుల ఎస్సీ జనాభా ఎంత? సున్నా. పొరపాటు కాదు. రాజ్యాంగం 341 అధికరణం ప్రకారం ప్రతి రాష్ట్రానికీ, ప్రతి కేంద్రపాలిత ప్రాంతానికీ ఎస్సీ జాబితా విడిగా ప్రకటించాలి. ఇక్కడికి అలాంటి జాబితా లేదు. ఓబీసీ జాబితా ఉంది. అందులో 1942కు ముందునుంచి ఉన్న లోకల్‌బార్న్‌లు, కరెన్లు, మోప్లాలు, భంటులు, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీలు ఉన్నారు. ఆ తర్వాత వచ్చిన తెలుగువాళ్లు అందులో లేరు. ఓడ ఎక్కేవరకు మాల, మాదిగ, రెల్లి. ఓడ దిగాక కాగితం మీద ఏ కులమూ కాదు.

దీని వెనక తెలుగువాళ్లదే ఒక కేసు ఉంది. మర్రి చంద్రశేఖరరావు కేసు, 1990. తెనాలి నుంచి వెళ్లిన కుటుంబం. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు ఎస్టీ. తండ్రికి ఎస్టీ కోటాలోనే కేంద్ర సంస్థలో ఉద్యోగం వచ్చి బొంబాయి చేరారు. అక్కడే పెరిగిన కొడుకు మెడికల్ సీటు అడిగితే, మీరు ఇక్కడ ఎస్టీ కాదన్నారు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది. కులం వల్ల వచ్చే కష్టం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం పరిస్థితిని బట్టి ఉంటుంది, పైగా బయటివాళ్లను కలిపితే స్థానిక ఎస్సీ, ఎస్టీల వాటా తగ్గుతుంది. 2018లో బీర్ సింగ్ కేసులో మళ్లీ రాష్ట్రాల విషయంలో ఇదే చెప్పింది.

ఈ వాదనలో బలం ఉంది. మహారాష్ట్ర ఆదివాసీ బిడ్డ సీటు మనం తీసుకోకూడదు. కానీ అదే తర్కాన్ని అండమాన్‌లో పెట్టి చూడండి. ఇక్కడ స్థానిక ఎస్సీ జాబితాయే లేనప్పుడు మనవల్ల ఎవరి ఎస్సీ వాటా తగ్గుతుంది? కారణం లేనిచోట కూడా నిబంధన అలాగే నిలబడి ఉంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ దీవుల అసలు మనుషులు మనం కాదు. గ్రేట్ అండమానీలు ఇప్పుడు కొన్ని పదుల మంది మిగిలారు. ఓంగీలు, జారవాలు, సెంటినలీలు, షోంపెన్లు, నికోబారీలు ఉన్నారు. రొట్టెల కథలో ఇక్కడ మనం మూడో మనిషిమే, చేతిలో రొట్టె లేకుండా వచ్చినవాళ్లం. వాళ్ల అడవి, వాళ్ల తీరం, వాళ్ల రిజర్వేషన్ మీద మన చెయ్యి పడకూడదు. మనం అడిగేది వాళ్ల వాటాలో భాగం కాదు, జనరల్ పేరుతో ఉన్న పెద్ద గిన్నెలో మన లెక్క.

దీవుల్లో కులం లేదు కదా, జాబితా ఎందుకు అంటారు. మనం కూర్చున్న ఈ పేట పేరు షాదీపూర్. షాదీ అంటే పెళ్లి. కాలాపానీ కాలంలో ఖైదీలుగా వచ్చిన స్త్రీపురుషులకు పెళ్లి చేసుకుని కాపురం పెట్టుకునే అనుమతి ఉండేది. కులం, మతం దాటిన కాపురాలు చాలా ఉన్నాయి. లోకల్‌బార్న్ సమాజం అలా పెరిగింది. కులాంతర వివాహమే కులానికి అసలు మందు అని బాబాసాహెబ్ 1936లో రాసిన దానికి ఇది దగ్గరి ఉదాహరణ. గర్వపడదాం. కానీ మన తెలుగు ఇళ్ల సంగతి చెప్పండి. పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి సముద్రం దాటి జిల్లాకు ఫోన్ చేసి, వాళ్లేమిట్లు అని అడగటం లేదా? చనిపోయిన తెల్లారి పాకీ పని ఎవరిని పిలిచి చేయించుకుంటున్నారు? కులం పోయిన చోట జాబితా అక్కర్లేదు. జాబితా లేనంత మాత్రాన కులం పోయినట్టు కాదు.

కాబట్టి చేయాల్సిన పనులు చెప్పి ముగిస్తాను.

ఒకటి. 2027 జనగణనలో కులం కూడా రాసుకుంటామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఎన్యూమరేటర్ మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు మాతృభాష తెలుగు అని చెప్పండి, కులం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సిగ్గుపడి దాచిన ప్రతి పేరూ ఆ సున్నాకు బలం ఇస్తుంది.

రెండు. సొంత రాష్ట్రం నుంచి నాన్న, తాత కుల ధ్రువపత్రాలు తెప్పించి భద్రంగా పెట్టుకోండి. అఖిల భారత స్థాయిలో జరిగే కేంద్ర ఉద్యోగ నియామకాల్లో మీ పిల్లలకు అవి పనికొస్తాయి. ఇక్కడి జాబితా లేదని ఆ హక్కు కూడా వదిలేసుకుంటున్నవాళ్లు ఉన్నారు.

మూడు. 341 కింద జాబితా ప్రకటించే అధికారం రాష్ట్రపతికి, మార్చే అధికారం పార్లమెంటుకు ఉంది. రెండు, మూడు తరాలుగా ఇక్కడే ఉన్న ఎస్సీ మూలాల కుటుంబాల స్థితి మీద అధ్యయనం జరపమని అందరం సంతకాలు పెట్టి అడుగుదాం. తెలుగు, తమిళం, బెంగాలీ అన్న తేడా లేకుండా కలిసి అడుగుదాం. జవాబు కాదని వచ్చినా, ఏ కారణంతో కాదంటున్నారో రాతలో తెప్పించుకుందాం.

నాలుగు. ముందు వరస పిల్లలూ, ఇది మీకు. భిన్నాలు, నిష్పత్తులు గట్టిగా నేర్చుకోండి. మన వాటా ఎక్కువసార్లు తిట్టుతో పోలేదు, భాగహారంలో పోయింది. ఎవరైనా పంపకం లెక్క తెచ్చి మీ ముందు పెడితే మూడు ప్రశ్నలు అడగండి. పంచుతున్నది ఏమిటి? కత్తి ఎవరి చేతిలో ఉంది? ఎంతమందితో భాగిస్తున్నారు, అందులో మేమున్నామా?

ఈ మూడింటికీ జవాబు వచ్చాక ఐదు, మూడా; ఏడు, ఒకటా; చెరి నాలుగా అని తీరిగ్గా వాదించుకుందాం. వాదనలో ఓడినా ఫరవాలేదు. లెక్కలో లేకుండా పోకూడదు.

జై భీమ్.